ఆజ్ఞ పాటించు యంత్రము - పని నేర్వవలసిన విద్యార్థి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు రజతోత్సవమున యంత్రములను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని తెలుగునాట గ్రంథాలయోద్యమము పుట్టిననాటినుండియు పుస్తకము కేవలము కాలక్షేపమునకు పరిమితమై యుండలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రలతోబాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను సైతము తెలుగులో ప్రకటించెను. పనిచేయువానికి తన పనియొక్క శాస్త్రము తన భాషలో తెలియవలెనని ఆనాటి పెద్దలు తలచిరి. ఆ తలంపు నేటికిని పూర్తిగా నెరవేరలేదు.

నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పల్లెలనుండి అనేకమంది పిల్లలు ఐ.టి.ఐ.లకు, పాలిటెక్నిక్కులకు, ఇంజనీరింగు కళాశాలలకు పోవుచున్నారు. చదువు ముగియు ముందు వారు 'ప్రాజెక్టు' అను నొక పనిని చేసి చూపవలసియున్నది. యంత్రశాస్త్రము చదువువారిలో పలువురు అందుకై ఎన్నుకొను విషయము కంప్యూటరు ఆజ్ఞలపై లోహమును చెక్కు యంత్రము. ఆ పని యెట్టిది, అందువలన పల్లెకేమి ప్రయోజనము, అందులో మోసము చొరబడునది ఎచ్చట - ఈ మూడు సంగతులను విచారించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

తరిమెన పట్టుట యనిన వృద్ధులకు తెలియును. మంచపుకోళ్లు, బొంగరములు తరిమెనపై పట్టి నునుపు చేసెడివారు. కొయ్య తిరుగుచుండును, ఉలి నిలిచి చెక్కును. లోహమునకు ఇదే పని చేయు యంత్రము లేతు. మిల్లింగు యంత్రమునందు ఇందుకు విరుద్ధముగా ముక్క బిగింపబడి యుండును. పండ్లుగల పనిముట్టు గిరగిర తిరుగుచు దానిని చెక్కును. ఈ రెండు యంత్రములయందును పూర్వము పనివాడు చేతిచక్రములను త్రిప్పి పనిముట్టును జరిపెడివాడు. ఇప్పుడు ఆ చక్రముల పనిని మోటార్లు చేయుచున్నవి. ఎంత తిరుగవలెనో మోటార్లకు కంప్యూటరు చెప్పును. కంప్యూటరునకు విద్యార్థి వ్రాసియిచ్చిన ఆజ్ఞాపత్రము చెప్పును. దీనినే సి.ఎన్.సి. యంత్రమందురు. కంప్యూటరు ద్వారా, అంకెలచే నడుపబడు యంత్రమని ఆ మాటకు భావము.

ఈ ఊహ నేతగాండ్రకు కొత్తది కాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడైన జకార్డు, చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గమును నడుపు ఉపాయమును రూపొందించెను. అట్టలో చిల్లియున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. ఆ అట్టల వరుసయే చీరయంచున పువ్వుగా, హంసగా తేలును. కొడకండ్లవంటి నేతగ్రామములవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. అట్టపై వ్రాసిన ఆజ్ఞను యంత్రము చదువుకొని పనిచేయుట అన్నదే ఇందలి మూలసూత్రము.

అదే సూత్రము లోహమునకు అన్వయింపబడుటకు ఇంచుమించు నూటయేబది యేండ్లు పట్టెను. అమెరికాలో జాన్ పార్సన్స్ అను కార్ఖానాదారు హెలికాప్టరు రెక్కలు చేయుచుండెను. రెక్కయొక్క వంపును సరిగా చెక్కుటకు లెక్కలేనన్ని బిందువుల కొలతలు కావలసివచ్చెను. ఆ కొలతలను అంకెలుగానే యంత్రమునకు అందించిన బాగుండునని ఆయనకు తోచెను. 1949లో ఆ దేశపు వైమానికదళముతో ఒప్పందము కుదిరినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు పరిశోధకులు ఆ పనిని కొనసాగించి, చిల్లుల కాగితపు పట్టీని చదివి నడచు మిల్లింగు యంత్రమును 1952లో ప్రదర్శించిరి. 1970 దశకమున సూక్ష్మమైన కంప్యూటరు చిప్పులు వచ్చిన పిదప ఆ యంత్రపు బీరువాలంత తెలివి పెట్టెలోనికి ఒదిగెను. వెలయు క్రమముగా తగ్గెను.

తెలుగుదేశమునను ఇందుకు తగిన పునాది పడినది. 1943లో సికిందరాబాదున ప్రాగా టూల్స్ కార్ఖానా నెలకొనెను. 1959 అక్టోబరు 10వ తేదీన వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను; అదియే ఇప్పటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ. 1968లో హైదరాబాదు బాలానగరున పనిముట్ల రూపకల్పనకై కేంద్రసంస్థ ఏర్పడెను. 2024 జూన్ 18వ తేదీన మల్లేపల్లిలో, రాష్ట్రమునందలి 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను 2,324 కోట్ల రూపాయల వ్యయముతో, టాటా టెక్నాలజీస్ సహకారముతో నవీన సాంకేతిక కేంద్రములుగా మార్చు పథకమునకు శంకుస్థాపన జరిగెను. అచ్చట నేర్పదలచిన విద్యలలో సి.ఎన్.సి. యంత్రకర్మ యొకటి; ఆధునిక పనిముట్లతో చేయు హస్తశిల్పము మరియొకటి. ఈ రెండును ఒకే చూరుక్రింద చేరుట గమనింపదగిన విషయము.

ఇక విద్యార్థి ప్రాజెక్టు ఎట్లుండునో ఒక ఉదాహరణముతో చూతము. రైతు ఇంట గడ్డి కోయు యంత్రమున్నది. అందలి ఇరుసు చివర తిరుగుచోట బుష్ అరిగిపోయినది. యంత్రము గడగడ చప్పుడు చేయుచున్నది, కత్తి ఊగుచున్నది, గడ్డి తెగక నలుగుచున్నది. బజారులో దొరకు బుష్ సరిపోవుట లేదు. ఈ బుష్ చేయుటయే ప్రాజెక్టు అనుకొందము. చూచుటకు ఇది అల్పమైన పని. అరచేతిలో ఇమిడిపోవు ఒక గన్‌మెటల్ గొట్టము మాత్రమే. కాని ఈ గొట్టములో విద్య అంతయు ఇమిడియున్నది.

మొదటి మెట్టు కొలత. ఇరుసు 25 మిల్లీమీటర్లదని పుస్తకము చెప్పును. విద్యార్థి మైక్రోమీటరు పెట్టి చూచినచో ఒకచోట 24.98, ఒకచోట 24.95, వేరొకచోట 24.92 కనిపించును. ఇన్నేండ్లు తిరిగి తిరిగి అది ఎగుడుదిగుడుగా అరిగినది. పుస్తకములోని ఇరుసు వేరు, పాకలోని ఇరుసు వేరు అని విద్యార్థికి తెలియుట ఇచ్చటనే. ఆ చివరను లేతుపై పలుచగా గీసి 24.90కి గుండ్రము చేయవలెను. దానిపై నూనె నిలుచుటకు 0.05 మిల్లీమీటరు సందు ఉంచినచో బుష్ లోపలి వ్యాసము 24.95 కావలెను. బుష్ కూర్చుండు గూడు 35 మిల్లీమీటర్లున్నచో, అది వదులుగాక బిగిసి యుండుటకు బుష్ వెలుపలి వ్యాసము కొంచెము ఎక్కువగా, 35.03 వరకు ఉండవలెను. ఈ తేడాలు తలవెండ్రుక మందముకంటె తక్కువ. వెండ్రుక సుమారు 0.07 మిల్లీమీటరుండును. అయినను రైతు చెవికి వినబడు గడగడ ఆ తేడాలోనే పుట్టును.

రెండవ మెట్టు వేగము. లోహము పనిముట్టు మొనవద్ద నిమిషమునకు ఎన్ని మీటర్లు కదలవలెనో లోహమునుబట్టి నిర్ణయించుకొందురు. గన్‌మెటల్‌కు 60 మీటర్లు అనుకొన్నచో, 60ని 1000తో హెచ్చించి, 35 మిల్లీమీటర్ల వ్యాసముగల ముక్కయొక్క చుట్టుకొలత 110తో భాగించవలెను. నిమిషమునకు ఇంచుమించు 545 చుట్లు వచ్చును. ఇది ఏడవ తరగతి లెక్క. ఈ లెక్క చేయక తోచిన వేగము పెట్టువాడు పనిముట్టు మొనను కాల్చుకొనును.

మూడవ మెట్టు ఆజ్ఞ. యంత్రమునకు వ్రాయు ఆజ్ఞ ఈ తీరున ఉండును: 'జి 01, ఎక్స్ 35.03, జెడ్ -40, ఎఫ్ 0.1'. ఇందు 'జి 01' అనగా సూటిగా కోయుచు సాగుమని. 'ఎక్స్' వ్యాసము. 'జెడ్' పొడవుదిక్కు. 'ఎఫ్' అనగా ముక్క ఒక్క చుట్టు తిరుగునంతలో పనిముట్టు జరుగవలసిన దూరము. 'ఎం 03' అన్నచో ముక్క తిరుగనారంభించును. 'ఎం 05' అన్నచో ఆగును. ఇట్టి ఆజ్ఞలు ఇరువది ముప్పది నేర్చినచో సామాన్యమైన పనులన్నియు చేయవచ్చును. ఇంగ్లీషు రానివాడు ఈ విద్యకు పనికిరాడను మాట భ్రమ. ఇందు ఉన్నవి అక్షరములు కొన్ని, అంకెలు పెక్కు.

ఈ యంత్రముతో చిక్కేమనగా, అది ఆజ్ఞ పాటించునే గాని ఆజ్ఞ మంచిచెడ్డలు ఎరుగదు. ఎద్దు ఈనినదనిన గాటికి కట్టివేయుమన్న సామెత దీనికి చక్కగా చెల్లును. జెడ్ ముందు ఋణచిహ్నము మరచినచో పనిముట్టు ముక్కవైపునకు గాక వెనుకకు పోవును. కొన్ని యంత్రములలో 50 వ్రాసి చుక్క పెట్టకున్నచో దానిని 50 మిల్లీమీటర్లుగా కాక మిల్లీమీటరులో వేయింటికి 50 వంతులుగా చదువుకొనును. చదరమైన పలకను 50 మిల్లీమీటర్లకు మిల్లింగు చేయునప్పుడు 6 మిల్లీమీటర్ల పనిముట్టుయొక్క నడిబొడ్డును గీతమీదనే నడిపినచో, పనిముట్టు సగము లోపలికి చొచ్చి, పలక 44 మిల్లీమీటర్లకు తగ్గును. పూర్వము చేతిచక్రము త్రిప్పు పనివాడు తప్పు జరుగుచుండగనే శబ్దమునుబట్టి చేయి ఆపెడివాడు. ఈ యంత్రము తప్పును సైతము తొట్రుపాటు లేక, నునుపుగా, వేగముగా చేసి పెట్టును. కనుక పనివాని చేతిలోనుండిన జాగ్రత్త ఇప్పుడు అతని వ్రాతలోనికి రావలెను.

అందుచేతనే అనుభవముగల బోధకులు ఒక క్రమమును పాటింతురు. ఆజ్ఞాపత్రమును మొదట కంప్యూటరు తెరపై నడిపి చూతురు. పిదప ముక్క లేకుండ పనిముట్టును గాలిలో నడుపుదురు. పిదప ఒక్కొక్క ఆజ్ఞ చొప్పున నిలిపి నిలిపి నడుపుదురు. కొయ్యపైననో మైనముపైననో కోసి చూచిన తరువాతనే లోహమును బిగింతురు. యంత్రపు తలుపు మూయక మీట నొక్కనీయరు. తిరుగు యంత్రమువద్ద చేతి తొడుగులు, వ్రేలాడు పైటలు, వదులు చొక్కాచేతులు ఉండరాదు. చక్కు బిగించిన తాళపుచెవిని అందే మరచి యంత్రము త్రిప్పుట ప్రాణాపాయము. ఈ నియమములను చాదస్తమని నవ్వువాడు ఆ గదిలో అడుగు పెట్టరాదు.

నాల్గవ మెట్టు మరల కొలత. కోసిన వెంటనే కొలిచినచో లెక్క తప్పును. కోతవేడికి లోహము పెరుగును. 30 డిగ్రీలు వేడెక్కిన 35 మిల్లీమీటర్ల గన్‌మెటల్ ముక్క సుమారు 0.02 మిల్లీమీటరు ఉబ్బును. చల్లారనిచ్చి కొలువవలెను. బుష్‌ను గూటిలోనికి ఒత్తిన తరువాత లోపలి రంధ్రము కొంచెము బిగిసికొనును. అప్పుడు మరల కొలిచి రీమరుతో సరిచేయవలెను. తుదకు గడ్డికోత యంత్రము రైతు ఇంట ఒక ఋతువు తిరుగవలెను. గడగడ తగ్గినదా, నూనె నిలిచినదా, మరల ఎంత అరిగినది - ఇవి వ్రాసినప్పుడే ప్రాజెక్టు ముగిసినట్లు. పరీక్షాధికారి సంతకముతో ముగియునది మార్కుల పట్టిక మాత్రమే.

పెద్ద యంత్రము అందుబాటులో లేని విద్యార్థులు చిన్న యంత్రమును తామే చేసికొనుటయు కలదు. పాత డివిడి పెట్టెలలోని మోటార్లతో కాగితముపై గీతలు గీయు యంత్రమును, కొంచెము బలమైన మోటార్లతో కొయ్యను చెక్కు యంత్రమును విద్యార్థులు చేయుచున్నారు. కొయ్యను చెక్కు యంత్రములలో వాడు స్టెప్పర్ మోటారు సామాన్యముగా ఒక్క చుట్టును 200 అడుగులుగా విభజించుకొని తిరుగును. దానికి బిగించిన మరచుట్టు ఒక్క చుట్టునకు 8 మిల్లీమీటర్లు జరుపునదైనచో, ఒక్క అడుగుకు 0.04 మిల్లీమీటరు జరుగును. లెక్క ప్రకారము అద్భుతమే. కాని మరకును నట్టుకును మధ్య సందున్నచో, దిశ మారునప్పుడెల్ల కొంతదూరము వృథాగా పోవును. వృత్తము గీయుమన్న కోడిగ్రుడ్డు వచ్చును. దీనిని పట్టుకొనుటకు పెద్ద సాధనములు అక్కరలేదు. 100 మిల్లీమీటర్ల చదరమును గీయించి రెండు కర్ణములను కొలువవలెను. రెండును 141.4 వచ్చినచో యంత్రము నమ్మదగినది. గడప నిలుపు వడ్రంగి మూలనుండి మూలకు త్రాడు పట్టి చూచునది ఇదే పరీక్ష. శాస్త్రము పట్నమునుండి మాత్రమే వచ్చుననుకొనువారు ఈ పోలికను గుర్తుంచుకొనవలెను.

జనగామకు పొరుగుననున్న ఆలేరు మండలములోని శారాజీపేట వాస్తవ్యుడు చింతకింది మల్లేశము చరిత్ర ఈ సందర్భమున స్మరణీయము. ఆరవ తరగతితో బడి మానిన ఆయన తల్లి లక్ష్మి ఆసుపోయుటను నిత్యము చూచుచుండెను. ఒక్క చీరకు దారమును మేకుల చుట్టు త్రిప్పుటకు చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను. రోజునకు రెండు చీరలైనచో 18,000 సార్లు. ఆమె భుజము, మోచేయి నొప్పితో కుంగిపోయెను. ఆ చేతికి బదులు యంత్రము చేయవలెనని మల్లేశము 1992లో పూనుకొనెను. భాగములను ఒక్కొక్కటిగా చేయించుచు, విఫలుడగుచు, అప్పులు చేయుచు, హైదరాబాదున విద్యుత్తుపని చేసి జీవించుచు ఏడేండ్లు గడపెను. బాలానగరునందలి ఒక కార్ఖానాలో వేరొక యంత్రముయొక్క కదలికను చూచినప్పుడు తనకు చిక్కని భాగము తట్టెను. 1999లో యంత్రము పూర్తియయ్యెను. తల్లిపేర దానికి లక్ష్మీ ఆసుయంత్రమని నామకరణము చేసెను. చీరకు గంటన్నరలో ఆసు పూర్తియగుచున్నది. 2017లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను.

ఈ చరిత్రలో విద్యార్థులు గ్రహింపవలసినది బిరుదు కాదు. విషయమును ఎన్నుకొనిన తీరు. 'ఏ యంత్రము చేసినచో మార్కులు వచ్చును' అని ఆయన అడుగలేదు. అడుగుటకు ఆయనకు పరీక్షయే లేదు. 'అమ్మ చేయి ఏల నొచ్చుచున్నది' అని అడిగెను. తక్కిన ఏడేండ్ల ఓపికయు ఆ ప్రశ్నలోనుండియే పుట్టెను.

ఈ మాట చెప్పగనే న్యాయమైన శంక యొకటి పుట్టును. యంత్రము చేయి నొప్పిని తీయుట మంచిదే. చేతి పనినే తీసివేసినచో ఏమి గతి? ఈ శంక పెంబర్తికి తగులును. జనగామ చెంతనున్న పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్కపై పరచి, చిన్న చిన్న ఉలులతో కొట్టి, దేవతామూర్తులను, తోరణములను, కలశములను పైకి ఉబ్బించుదురు. కాకతీయుల కాలమునుండి వచ్చుచున్న విద్య అని దానికి ప్రసిద్ధి. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. ఇట్టి రేకుపై పువ్వును సి.ఎన్.సి. యంత్రము వేగముగా నూరు చెక్కగలదు. నూరును ఒక్కటేవిధముగా ఉండును. అట్లు చెక్కి, చేతిపని యని అమ్మినచో అది కొనువానికి మోసము. కొట్టువాని నోటికాడి ముద్దను లాగికొనుట. అట్టి ప్రాజెక్టును తెలివిగలదని మెచ్చుకొనరాదు.

అయినను యంత్రమును పెంబర్తి గడప త్రొక్కనీయరాదని దీని అర్థము కాదు. శిల్పికి కావలసిన ఉలులు ఒకే కొలతతో, మొన నిలుచు ఉక్కుతో చేసి యిచ్చుటకు యంత్రము తగును. బరువైన రేకును వంచుటకు, గంటలకొలది మెరుగుపెట్టుటకు, ఆ దుమ్ము ఊపిరితిత్తులలోనికి పోకుండ పీల్చివేయుటకు యంత్రము తగును. దేహమును అరుగదీయు పని యంత్రమునకు, రూపమునకు ప్రాణమిచ్చు పని చేతికి. ఈ హద్దును విద్యార్థి తానే గీయరాదు. శిల్పి ప్రక్కన పదిదినములు కూర్చుండి, ఏ పని ఆయనకు బరువో, ఏ పని ఆయనకు పేరో ఆయననే అడిగి తెలిసికొనవలెను. ఆసుయంత్రము వర్ధిల్లినది ఇందుకే. నేతను అది ముట్టలేదు. నేతకు ముందున్న నొప్పిని మాత్రము తీసినది.

మూడు జిల్లాలకును ప్రాజెక్టు విషయములకు కరవు లేదు. 2016 అక్టోబరు 11న ఈ జిల్లాలు ఏర్పడినవి. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నవి. చెల్పూరున 500, 600 మెగావాట్ల రెండు విభాగములతో 1,100 మెగావాట్ల కాకతీయ తాపవిద్యుత్కేంద్రమున్నది. గనులలో, విద్యుత్కేంద్రములలో బొగ్గును మోయు బెల్టుల క్రింది రోలర్లు, పంపుల తొడుగులు, బుష్‌లు, ఇరుసులు అరుగుచునే యుండును. వానిని కొలిచి, గీసి, చేయగల పిల్లలు ఆ ఊరిలోనే ఉండుట మేలు. మహబూబాబాదు పత్తి, మిరప పండు సీమ. మందుకొట్టు యంత్రపు పిస్టను, విత్తులు జార్చు గొర్రుయొక్క పళ్లెము, బోరుమోటారు పంకా - ఇవి రైతుకు ప్రతియేటను చిక్కు తెచ్చునవే. విత్తుపళ్లెపు రంధ్రము అర మిల్లీమీటరు పెరిగినచో రెండు గింజలు జారును. తగ్గినచో ఒకటియు జారదు. కాజీపేటలో రైలుబండ్ల కార్ఖానాకు 2023 జులై 8న శంకుస్థాపన జరిగెను. కొలత నేర్చిన పిల్లలకు అట్టి చోట్ల పని దొరకును. కొలత రానివారు గేటుకడ కూలికి నిలువవలసి వచ్చును.

ఇచ్చటికి వచ్చునప్పటికి ఒక చేదునిజమును దాచుట ధర్మము కాదు. చివరి సంవత్సరము వచ్చుసరికి పట్నపు వీథులలో సిద్ధపు ప్రాజెక్టులు అమ్ముట, కొనుట అందరెరిగినదే. యంత్రము, నివేదిక, బొమ్మలు, ప్రశ్నలకు జవాబులు సైతము మూటగట్టి యిత్తురు. పంట అమ్మిన సొమ్ములోనుండియో, వడ్డీకి తెచ్చిన సొమ్ములోనుండియో తండ్రి వేలరూపాయలు ఇచ్చును. కుమారుడు దానిని బల్లపై పెట్టి చూపును. మరునాడు అటకపై పెట్టును. ఎరువు సొమ్ము బరువు చేటన్నట్లు, ఆ ప్రాజెక్టు అతనికి ఉపకరింపదు సరిగదా, ఉద్యోగపు ముఖపరీక్షలో 'ఈ మర ఒక్క చుట్టునకు ఎంత జరుపును' అని ఒక్క ప్రశ్న వేయగనే అతని తల వంచును.

ఇందు దోషము విద్యార్థిది మాత్రమే యనుట న్యాయము కాదు. యంత్రము చూపని కళాశాల ఉండవచ్చును. యంత్రమున్నను పాడగునను భయముతో గదికి తాళము వేసిన చోటు ఉండవచ్చును. అరువది మందికి ఒక్క యంత్రమున్నచో మీట నొక్కు వంతు ఏటికొకసారి రావచ్చును. తలిదండ్రులు సైతము 'అందరివలె పెద్ద యంత్రము చేయలేదేమి' అని చిన్నబుచ్చుదురు. చిన్న పని చేసి, అది చెడిపోయినచో ఏల చెడినదో వ్రాసిన పిల్లవానిని మెచ్చుకొనువారు లేనంతకాలము కొన్న పెద్ద ప్రాజెక్టే గెలుచును. కావున ఈ రోగమునకు మందు ఇంటిలోను, ఊరిలోను సైతము తయారు కావలెను.

ఆ మందులో గ్రంథాలయపు పాలు ఎంత? మూడు పనులు ఖర్చు ఎక్కువ లేక చేయదగినవి కలవు.

మొదటిది, ఊరి యంత్రముల దోషముల పుస్తకము. రైతులు, నేతగాండ్రు, కమ్మరులు, కుట్టుపనివారు తమ యంత్రమున ఏది మాటిమాటికి విరుగుచున్నదో, ఏ పనికి నడుము నొచ్చుచున్నదో గ్రంథాలయమున ఒక నోటుపుస్తకములో వ్రాయింపవలెను. అక్షరము రానివారు చెప్పినచో గ్రంథపాలకుడు వ్రాసికొనవలెను. ప్రాజెక్టు విషయము వెదకు విద్యార్థి పట్నపు అంగడికి పోవుటకు ముందు ఈ పుస్తకము తిరుగవేయును.

రెండవది, కొలత సాధనములు. పుస్తకములను ఎరువిచ్చినట్లే ఒక వెర్నియర్ కాలిపరును, ఒక మైక్రోమీటరును, ఒక ఉక్కు స్కేలును, ఒక మూలమట్టమును చందాదారులకు ఎరువియ్యవచ్చును. యంత్రము కొనుట గ్రంథాలయపు శక్తికి మించినది. కొలుచుట నేర్పుట మించినది కాదు. ఎనిమిదవ తరగతి బాలిక తన ఇంటి కిటికీ ఊచను మిల్లీమీటరులో నూరవవంతు వరకు కొలిచి చదివినచో, ఆమెకు రేపు ఏ యంత్రముముందును బెదురు కలుగదు. బాలికలను ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణము కలదు. సి.ఎన్.సి. యంత్రమువద్ద కావలసినది కండబలము కాదు. లెక్క, శ్రద్ధ, చదును చేతి వ్రాత. లోహపుపని మగవారిదను పాతమాటకు ఇచ్చట ఆధారము లేదు.

మూడవది, నివేదికల అలమర. ఈ ఊరి బిడ్డ ఎచ్చట చదివినను, తాను చేసిన ప్రాజెక్టును పది పుటలలో తెలుగున వ్రాసి ఒక ప్రతి గ్రంథాలయమునకు ఇయ్యవలెను. అందు కొలతలు ఉండవలెను, బొమ్మ ఉండవలెను, చేసిన తప్పులు తప్పక ఉండవలెను. కొన్నవాడు ఈ పది పుటలను వ్రాయలేడు. చేసినవాడు వ్రాయకుండ ఉండలేడు. ఇంతకంటె సులభమైన పరీక్ష వేరొకటి లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి సాంకేతిక విషయములను తెలుగునకు తెచ్చుటకు చాల పాటుపడినది. పెద్ద సంస్థలు గ్రంథములు వ్రాయించగా, పల్లెలు తమ అనుభవమును జోడింపవలెను. మరనట్టు సందును గూర్చి ఈ సీమ తెలుగులో ఒక విద్యార్థిని వ్రాసిన పుట, రేపు చదువుకొను ఆమె తమ్మునికి ఏ దిగుమతి గ్రంథముకంటెను ముందుగా అర్థమగును.

తుదకు చెప్పవలసినది ఒక్కటే. యంత్రము ఆజ్ఞను పాటించును. ఆజ్ఞ యిచ్చువాడు పని యెరిగినవాడు కావలెను; ఎవరికొరకు ఆ పని చేయుచున్నాడో ఎరిగినవాడు కావలెను. మొదటిది కార్ఖానాలో అలవడును. రెండవది ఊరిలో అలవడును. ఊరికిని కార్ఖానాకును నడుమ, ఇరువదియైదేండ్లుగా దీపమారక నిలిచిన ఈ గ్రంథాలయము వంతెన కాదగును. గడ్డికోత యంత్రము గడగడ మానిన నాడు ఆ రైతు ఏ కళాశాల పేరును అడుగడు. 'ఇది చేసినది ఎవరి పిల్లవాడు?' అని అడుగును. ఆ ప్రశ్నకు ఊరంతయు ఒక పేరు చెప్పగలిగిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును.